పెళ్ళిళ్ళు చేయించిన నోరు

3, సోమవారం

పెద్దాయన ఇవాళ ఆసుపత్రి లాండ్రీ వెనక గుమ్మం దాకా వచ్చాడు. నేనిక్కడ చేరి ముప్ఫై ఏళ్ళు. మా సంఘం పెద్ద ఇక్కడ అడుగు పెట్టడం ఇదే మొదలు. ఆవిరికి కళ్ళజోడు మసకబారడం, ఆయన తుడుచుకోవడం, పెట్టుకోవడం, మళ్ళీ తుడుచుకోవడం. నవ్వొచ్చింది. దుప్పట్లు మడతపెడుతూనే ఉన్నాను.

"అక్కా, మీతో పని పడింది."

"పనైతే ఆ చివర పట్టుకోండి," అని దుప్పటి రెండో కొస చేతికిచ్చాను. పట్టుకున్నాడు పాపం.

సంగతేమిటంటే, ఆడవాళ్ళని మగవాళ్ళతో సమానంగా చూడాలని దేశాలన్నీ కలిసి రాసుకున్న ఒప్పందం ఒకటుందట. మన ప్రభుత్వం ఎప్పుడో సంతకం పెట్టి పక్కన పడేసిందట. ఇప్పుడు చట్టసభ దాన్ని ఆమోదించాలా వద్దా అని తేల్చబోతోంది. ఆమోదిస్తే మన చట్టాలు దానికి తగ్గట్టు మార్చుకోవాలి. జనం మాట వినడానికి సభ్యుల కమిటీ ఒకటి ఊరూరా తిరుగుతూ ఇరవై అయిదున మన టౌన్ హాలుకి వస్తోంది. సంఘం తరఫున ఎవరో ఒకరు లేచి 'వద్దు' అని చెప్పాలి.

"మీరే చెప్పచ్చుగా?"

"మేం చెబితే మగాళ్ళు కాబట్టి వద్దంటున్నారంటారు. ఆడగొంతు కావాలి. అందులోనూ మీ గొంతు."

నా పేరు ఎవరూ పిలవరు. ఉరుము అంటారు, ఉరుమక్క అంటారు. ఆ గొంతు దేవుడిచ్చింది, నేను పెంచుకున్నది కాదు.

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి చెప్పాడు. ఇరవై మూడో తేదీ ఆదివారం మందిరంలో వేదిక మీద నుంచి మాట్లాడమన్నాడు. పెద్దలందరూ ఒప్పుకున్నారట.

ఇరవై రెండేళ్ళుగా నేను కింద నేల మీద నిలబడి మాట్లాడుతున్నాను. దాన్ని ప్రసంగం అనరు, ఆడదాన్ని కదా, సాక్ష్యం అంటారు. పేరేదైతేనేం, పని ఒకటే. గుద్దడానికి నా ముందు బల్ల లేదు, అరచేతిలో అరచెయ్యి కొట్టుకుంటాను, అంతే తేడా.

సరేనన్నాను. వేదిక కోసం కాదు.

4, మంగళవారం

వేదిక కోసం కాదు.

6, గురువారం

పెద్దాయన పంపిన కవరు వచ్చింది. లోపల ఒప్పందం పుస్తకం, సన్నది, ముప్ఫై అధికరణలు. దాంతోపాటు టైపు చేసిన రెండు కాగితాలు, నేను చెప్పాల్సిన మాటలట. ఆ కాగితాలు ఇస్త్రీ బల్ల కాలు కింద పెట్టాను. ఊగుతోంది చాన్నాళ్ళుగా. ఒకళ్ళు నమిలింది నేను మింగను.

నాకో పద్ధతి ఉంది. చేత్తో రాయనిది నా నోట్లోకి రాదు. ఇరవై ఆరేళ్ళకి అక్షరాలు నేర్చుకున్నదాన్ని. బడి లేదు, పంతులు లేదు. దుప్పట్లకి కుట్టే వార్డు పేర్ల పట్టీలు చూసి అక్షరాలు, ఆ అక్షరాలతో గ్రంథం. ఒక్కొక్క వాక్యం రాసి, రాసి, రాసి, అప్పుడు పలికాను. ఈ ఒప్పందాన్నీ అలాగే రాస్తాను. శత్రువుని కొట్టాలంటే ముందు వాడి ఇంట్లో ఒక పూట కూర్చోవాలి.

మధ్యాహ్నం యంత్రం తిరిగే నలభై నిమిషాల్లో మూడు అధికరణలు రాశాను. భాష ఎండిన రొట్టెలా ఉంది. తప్పు మాత్రం దొరకలేదు ఇంకా. దొరుకుతుంది.

9, ఆదివారం

ఇవాళ సాక్ష్యంలో నిప్పు కురిసింది. వెనక బెంచీలో నిద్రపోయే రేవు గుమాస్తా కూడా ఉలిక్కిపడి పాటల పుస్తకం కింద పడేసుకున్నాడు. పెద్దాయన లేచి ఇరవై మూడు సంగతి, ఇరవై అయిదు సంగతి చెప్పాడు. అందరూ నా వైపు తిరిగారు. నేను కిందికి చూశాను. వినయంగానే చూశాను అనుకుంటాను.

మా అమ్మాయి రాలేదు. ఓడల యార్డులో ఆదివారం వెల్డింగు ఉందట. ఆదివారం పని చెయ్యకే అంటే, "ఓడకి చిల్లి పడ్డది శనివారం అమ్మా, అది ఆదివారం ఆగదు," అంటుంది.

కందిరీగ మాత్రం వచ్చింది. నా మనవరాలు. పదిహేడేళ్ళు. చిన్నప్పుడు పట్టుకోబోతే కరిచేది, ఆ పేరు ఉండిపోయింది. దారిలో తన సంగతి మొదలుపెట్టింది. సర్వేయరు శిక్షణకి దరఖాస్తు ఇరవై ఎనిమిదిలోగా ఇవ్వాలట. లెక్కల్లో దానిదే మొదటి మార్కు. దరఖాస్తుకి పౌరసత్వం కార్డు నకలు జతచెయ్యాలి. కార్డు లేదు. తల్లి రెండేళ్ళుగా తిరుగుతోంది, ఇవ్వడం లేదు.

"గురువారం నేనొస్తాను నీతో ఆఫీసుకి. నా గొంతు విననీ వాళ్ళని," అన్నాను.

"అరవకు అమ్మమ్మా."

"నేనెప్పుడు అరిచానే?"

వీధి మొత్తం తిరిగి చూసింది.

11, మంగళవారం

ఎనిమిదో అధికరణ పూర్తయింది. పది కూడా. మధ్యలోది తర్వాత రాస్తాను. మణికట్టు నొప్పి. ఇస్త్రీపెట్టె బరువు వల్ల.

13, గురువారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పౌరసత్వం ఆఫీసు. పొడుగాటి గది, పైన తిరగని ఫ్యాను, నాలుగు కౌంటర్లు, ఒకదాంట్లోనే మనిషి. కుర్రాడేం కాదు, చెవుల మీద నెరిసిన వెంట్రుకలు, మంచి మొహం. చెడ్డ మొహమైతే బాగుండేది.

"తండ్రిది ఏ దేశం?" చెప్పాను. వేరే దేశం, ఓడ పని, పిల్ల పుట్టకముందే సముద్రంలో పోయాడు.

"అయితే ఆ దేశమే ఇవ్వాలి."

"వాళ్ళు ఇవ్వరట. పుట్టగానే తండ్రి వచ్చి రాయించాలట. సముద్రం అడుగు నుంచి వచ్చి రాయించమంటారా?"

అమ్మమ్మా, అంది కందిరీగ, మోచెయ్యి పట్టుకుని.

"తల్లి ఇక్కడిదే. నేను ఇక్కడిదాన్నే. పిల్ల ఇదిగో, మా ఆసుపత్రిలోనే పుట్టింది, నేను ఉతికిన దుప్పటి మీద," అన్నాను.

"తల్లిది లెక్కలోకి రాదమ్మా. మన చట్టంలో పిల్లల దేశం తండ్రిదే." కాగితాలు తిప్పాడు. "పెళ్ళయిందా వాళ్ళకి?"

నేను నిటారుగా నిలబడ్డాను. అవును, అలాగే నిలబడ్డాను, దాచడం దేనికి. "మా మందిరంలో, అందరి ముందు, రిజిస్టరులో రాయించి మరీ," అన్నాను.

అతను పెన్ను కింద పెట్టాడు.

"అక్కడే వచ్చింది చిక్కు. పెళ్ళి కాకుండా పుట్టుంటే తండ్రి లెక్కలో ఉండడు, తల్లి దేశమే వచ్చేది. ఏ ఇబ్బందీ ఉండేది కాదు."

తర్వాత ఇంకేదో చెప్పాడు. ఫ్యాను వైపు చూస్తున్నాను నేను.

బయటికొచ్చాక మెట్ల మీద కందిరీగ అడిగింది. వెటకారం లేదు, లెక్క అడిగినట్టే అడిగింది.

"అంటే అమ్మమ్మా, అమ్మ పాపం చేసుంటే నాకు కార్డు వచ్చేదా?"

ఇరవై రెండేళ్ళుగా ఎవరు ఏం అడిగినా నా దగ్గర జవాబుంది.

14, శుక్రవారం

పెద్ద యంత్రం పాడైంది. పని లేదు. రాయడానికీ ఏం లేదు.

15, శనివారం

కందిరీగ కడుపులో పడి మూడో నెల. అప్పుడు అమ్మాయికి ఇరవై నిండలేదు. "ఓడ తిరిగి రానీ అమ్మా, అప్పుడు చేసుకుంటాం," అంది. నేను ఆగలేదు. అదీ అతనూ మొదటి బెంచీలో కూర్చుని ఉండగా వరసగా రెండు ఆదివారాలు దాని మీదే మాట్లాడాను, పేరెత్తకుండా. పేరెత్తాల్సిన అవసరం ఎవరికుంది? మూడో ఆదివారం పెళ్ళి. నాలుగో వారం ఓడ వెళ్ళిపోయింది.

మంచే చేశాను. ఎవరైనా అదే చేస్తారు.

16, ఆదివారం

ఇవాళ గొంతు పెద్దదిగా ఉంది, మాట చిన్నదిగా ఉంది. అందరూ బాగుందన్నారు.

మధ్యాహ్నం గ్రంథం తెరిచి తొమ్మిదో అధికరణకి విరుగుడు వెతికాను. పిల్లలకి దేశం ఇవ్వడంలో తల్లికీ తండ్రితో సమానమైన హక్కు ఉండాలంటుంది ఆ తొమ్మిదోది. దానికి ఎదురు వాక్యం ఒక్కటి దొరికితే చాలు, ఇరవై అయిదున నేను గెలుస్తాను. వెతికితే ఏం దొరికింది? అరణ్యంలో తండ్రి చనిపోయిన అయిదుగురు అక్కచెల్లెళ్ళు. కొడుకుల్లేరని మా నాన్న పేరు ఎందుకు పోవాలి, మాకూ వాటా ఇవ్వండి అని జనమంతా చూస్తుండగా గుడారం ముందు నిలబడ్డారు. నాయకుడికి జవాబు తెలియలేదు. తెలియదని పైనున్నవాడిని అడిగాడు. ఆ పిల్లలు చెప్పిందే న్యాయం అన్నాడు పైనున్నవాడు. చట్టం మార్చాడు.

ఎన్నిసార్లు రాసి ఉంటాను ఈ భాగం. చేత్తో రాసి కూడా నోట్లోకి తెచ్చుకోలేదు ఎప్పుడూ.

గ్రంథం మూసేశాను. అంత గట్టిగా ఎప్పుడూ మూయలేదు.

18, మంగళవారం

లాండ్రీకి అన్నం తెచ్చింది కందిరీగ. నేను తింటుంటే నా నోటు పుస్తకం తిరగేసింది. ఈ పుస్తకం కాదు, ఒప్పందం రాస్తున్నది.

"అమ్మమ్మా, ఎనిమిది తర్వాత పది వచ్చిందేంటి?"

"చెయ్యి నొప్పి."

"పది నుంచి ఇరవై రెండు దాకా రాసేటప్పుడు లేని నొప్పి తొమ్మిదికే వచ్చిందా?"

"నీకెందుకే, నీ లెక్కలు చూసుకో."

"ఇది నా లెక్కే."

ఎవరి పోలికో ఈ పిల్లకి ఈ నోరు.

19, బుధవారం

తొమ్మిదో అధికరణ రాశాను. ఏడుసార్లు. మొత్తం రెండంటే రెండు పేరాలు. నొప్పేం లేదు.

20, గురువారం

అమ్మాయికి చెప్పేశాను. యార్డు గేటు దగ్గర, భోజనాల వేళ. అది చేతి తొడుగులు తీసి గోడ మీద పెట్టుకుని రొట్టె తింటోంది. మణికట్ల మీద నిప్పురవ్వల మచ్చలు, పాతవీ కొత్తవీ.

"ఆ పెళ్ళి నేను తొందరపెట్టకపోతే పిల్లకి కార్డు వచ్చేది," అన్నాను. ఈ ఒక్క ముక్కా చెప్పడానికి వారం పట్టింది నాకు.

"తెలుసు."

"ఏం తెలుసు?"

"రెండేళ్ళయింది. మొదటిసారి కౌంటరుకి వెళ్ళినప్పుడే చెప్పారు."

"నాకెందుకు చెప్పలేదే?"

రొట్టె నములుతూ ఆలోచించింది. "చెబితే నువ్వు మందిరంలో మాట్లాడ్డం మానేస్తావేమోనని. అది లేకపోతే నీకేముంది అమ్మా?"

నా మీద అరిచినా బాగుండేది. ఒక్క దెబ్బ కొట్టినా బాగుండేది. హూటరు మోగింది, తొడుగులు వేసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

21, శుక్రవారం

ఆదివారం వేదిక ఎక్కి మాట్లాడతాను. మంగళవారం హాల్లో నిజం చెబుతాను. రెండూ చెయ్యచ్చు. ఆదివారం ఆ సంగతే ఎత్తను, వేరే వాక్యం తీసుకుంటాను. తప్పేముంది? వేదిక వాళ్ళిచ్చిందే, నేను అడగలేదు.

మధ్యాహ్నం: ఒక్క ఆదివారం. ఇరవై రెండేళ్ళకి ఒక్కటి.

సాయంత్రం: అది దొంగతనం. పేరు మార్చినా దొంగతనమే.

22, శనివారం

పొద్దున్నే పెద్దాయన ఇంటికి వెళ్ళాను. చెప్పులు విడవకుండా గుమ్మంలోనే చెప్పాను.

"నేను మంగళవారం 'ఆమోదించండి' అనే చెబుతాను. ముందే చెప్పడం న్యాయం, అందుకే వచ్చాను."

కళ్ళజోడు తీశాడు, ఆవిరి లేకపోయినా.

"మనవరాలి కోసమా?"

"దాని కోసం. నేను చేసిన దాని కోసం కూడా."

"ఒక్క పిల్ల కార్డు కోసం ఇంటి కట్టుబాటంతా వదులుకోమంటారా అక్కా? ఆ ఒప్పందంలో ఇంకా ఇరవై తొమ్మిది ఉన్నాయి."

"అన్నీ చేత్తో రాశాను. మీరు ఎన్ని చదివారు?"

కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. మర్యాదగానే అన్నాడు, ఆ మాట ఒప్పుకోవాలి. "అయితే రేపు వేదిక లేదు. కింద నుంచి సాక్ష్యం కూడా ఇక వద్దు. కొన్నాళ్ళు."

కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళని అడగలేదు.

23, ఆదివారం

మూడో బెంచీలో కూర్చున్నాను. పెద్దాయనే మాట్లాడాడు. మెత్తటి గొంతు. రేవు గుమాస్తా హాయిగా నిద్రపోయాడు.

నోరు మూసుకుని కూర్చుంటే దవడలు నొప్పి పుడతాయని ఇవాళ తెలిసింది.

25, మంగళవారం

టౌన్ హాలు. సంఘం వాళ్ళు రెండు బస్సుల్లో వచ్చారు, ఆడవాళ్ళే ఎక్కువ. పెద్దాయన నా పేరు తీయించబోతే జాబితా వారం కిందటే మూసేశామన్నారట. సంఘంలో ఎక్కువమందికి నేను మాట మార్చానని తెలియదు. ఆయన చెప్పలేదు. పరువు అనుకున్నాడో, చివరి నిమిషంలో మనసు మార్చుకుంటాననుకున్నాడో.

కమిటీ అధ్యక్షురాలు సన్నగా, జలుబుతో, ముక్కు తుడుచుకుంటూ ఉంది. "నాలుగు నిమిషాలు. గంట కొడితే ఆపాలి," అంది.

నాకున్న అలవాటు ఒక్కటే. ముందు చదవాలి, తర్వాత మాట్లాడాలి. చదవకుండా మాట్లాడితే అది నా సొంత కూత. నోటు పుస్తకం తెరిచి తొమ్మిదో అధికరణ చదవడం మొదలుపెట్టాను. ఎలా చదువుతాను? నాకు ఒక్కటే చదువు వచ్చు. నెమ్మదిగా, ఒక్కో మాటకీ బరువిచ్చి, మందిరంలో గ్రంథం చదివినట్టే చదివాను. ఒకసారి చదివితే జనం చెవికెక్కదని రెండోసారి కూడా.

వెనక బెంచీల కిర్రు వినిపించింది. తిరిగి చూస్తే మా వాళ్ళంతా లేచి నిలబడ్డారు! మా మందిరంలో వాక్యం చదివేటప్పుడు కూర్చోరు. నా గొంతు విన్నారు, కాళ్ళు వాటంతట అవే లేచాయి. పెద్దాయన కూడా సగం లేచి, కుర్చీ చేతులు పట్టుకుని, అటూ ఇటూ కాకుండా వంగి ఉన్నాడు. నేను ఆపగానే ఎనభై గొంతులు ఒక్కసారి "అలాగే జరుగును గాక" అన్నాయి.

అధ్యక్షురాలు రుమాలు దించింది. "వీళ్ళందరూ తొమ్మిదో అధికరణకి మద్దతని రాసుకోమంటారా?"

"కాదండీ, కాదు! అలవాటు!" అన్నాడు పెద్దాయన. జనం ఘొల్లుమన్నారు. నేనూ నవ్వాను, ఆపుకోలేక. ఆ నవ్వులో గంట మోగింది. చదవడానికే నాలుగు నిమిషాలూ అయిపోయాయి! ఇరవై రెండేళ్ళ అలవాటు నా నోరు నొక్కేసింది.

"ఒక్క నిమిషం ఇస్తాను," అంది ఆవిడ.

రాసుకున్న మూడు పేజీలూ వదిలేశాను. "నా కూతురు ఇరవై ఏళ్ళ లోపు గర్భవతి అయింది. పరువని నేనే పట్టుబట్టి పెళ్ళి చేయించాను. ఆ పెళ్ళి వల్లే నా మనవరాలికి ఏ దేశమూ లేదు. పెళ్ళి చేసుకున్నందుకు శిక్ష వేసే చట్టం మనది. నేను ఆడదాన్ని, నన్ను వద్దని చెప్పమన్నారు. ఆడదాన్ని కాబట్టే ఆమోదించండని అడుగుతున్నాను," అన్నాను. అరవలేదు.

మా వాళ్ళు ఒక్కొక్కరే కూర్చున్నారు. కొందరు నన్ను చూడకుండా. ఏడుగురు కూర్చోలేదు. అధ్యక్షురాలు వాళ్ళని వేలితో లెక్కపెట్టి కమిటీ గుమాస్తాతో ఏదో రాయించింది. చట్టసభలో ఓటు ఆరు నెలల తర్వాతేనట.

ఆ ఏడుగురిలో ముగ్గురి పెళ్ళిళ్ళు నేను చేయించినవే.

26, బుధవారం

పదకొండు. వేళ్ళు మడిచి చూసుకున్నాను. ఓడ పనివాళ్ళకి, వేరే దేశాలవాళ్ళకి, నేను ఆదివారం ఉరిమి సోమవారం ఒప్పించి చేయించిన పెళ్ళిళ్ళు పదకొండు. మా అమ్మాయిది కలిపితే పన్నెండు. ఎంతమందికి పిల్లలో గుర్తు తెచ్చుకోవాలని ఉంది. తెచ్చుకోవాలని లేదు.

28, శుక్రవారం

దరఖాస్తు గడువు సాయంత్రం అయిదుకి అయిపోయింది. కందిరీగ అయిదు దాకా ఆ కాగితం బల్ల మీదే ఉంచి, అయిదు దాటాక మడిచి సొరుగులో పెట్టింది.

"వచ్చే ఏడు," అంది.

దాని తల్లి జుట్టు దువ్వింది దానికి, చిన్నపిల్లకి దువ్వినట్టు. అది కరవలేదు.

29, శనివారం

ఆ పదకొండులో మొదటి ఇల్లు, వలలు అల్లే ఆవిడది. హాల్లో కూర్చోకుండా నిలబడ్డ ఏడుగురిలో ఒకర్తె. అయిదేళ్ళ కొడుకు. గుమ్మంలోనే మొదలుపెట్టాను. "నీ పెళ్ళి నేనే తొందరపెట్టాను, ఇప్పుడు నీ కొడుక్కి..."

"ఆ పురాణమంతా తర్వాత అక్కా. లోపలికొచ్చి ఈ కాగితం చదివి పెట్టు, వాణ్ణి బళ్ళో చేర్చుకోం అంటున్నారు," అంది.

చదివాను. చట్టసభకి పంపడానికి నేను రాసి తెచ్చిన అర్జీ మీద సంతకం పెట్టింది. ఆవిడ అత్త కూడా పెట్టింది, ఎందుకో అడక్కుండానే.

రెండో ఇల్లు: సంతకం. మూడో ఇంట్లో నన్ను తిట్టారు. న్యాయమే. తిట్టాక సంతకం పెట్టారు.

30, ఆదివారం

మందిరం వేళకి నేను వీధుల్లో ఉన్నాను. కందిరీగ అర్జీ కాగితాలు పట్టుకుని పక్కన నడిచింది. కాళ్ళు ఒకచోట నిలవడం లేదు నాకు ఈ మధ్య.

నాలుగు, అయిదు అయ్యాయి. ఆరో ఇల్లు బట్టలు కుట్టే అమ్మాయిది. ఇద్దరు ఆడపిల్లలు. ఆమె పెళ్ళికి నేను మూడు వారాలు వెంటపడ్డాను, నాకు బాగా గుర్తు. మూడో వారం నా కాళ్ళు పట్టుకుని, ఒక్క నెల ఆగమని అడిగింది. ఆగలేదు.

తలుపు కొట్టాను. లోపల కుట్టుమిషను చప్పుడు.

"నేనమ్మా, ఉరుమక్కని."

మిషను ఆగలేదు. ఇంకా వేగంగా తొక్కింది.

"వెళ్ళిపోదాం అమ్మమ్మా," అంది కందిరీగ.

నేను తలుపుకి మొహం దగ్గరగా పెట్టి తొమ్మిదో అధికరణ చదివాను. ప్రసంగంలా కాదు, తలుపు అవతల ఒక మనిషికి వినిపించేంతే. తర్వాత చెప్పాను, "నువ్వు ఆగమంటే నేను ఆగలేదు. ఈ తప్పు నాది, నీది కాదు," అని. మిషను తిరుగుతూనే ఉంది. మళ్ళీ చదివాను. పక్కింటావిడ కిటికీలోంచి చూసి కిటికీ వేసేసుకుంది. నాలుగోసారి చదువుతుండగా, రెండో పేరా మధ్యలో, లోపల మిషను ఆగింది.

తలుపు తెరుచుకోలేదు. అడుగుల చప్పుడు కూడా లేదు.

కందిరీగ నా మొహం చూసింది. నేను పుస్తకం వెనక్కి తిప్పి, మొదటి అధికరణ నుంచి చదవడం మొదలుపెట్టాను.